ఎనిమిదిలో ఆఖరి రెండు

ఏరా చందూ, జిమ్ములో బరువు ఎనిమిదిసార్లు ఎత్తాల్సిన చోట ఆరు దగ్గర ఆపేసి వచ్చానంటున్నావు గదా, ఆ మిగతా రెండూ నీవల్ల కాదని నీకు ఎవరు చెప్పారు? చెయ్యి చెప్పిందా, నువ్వే చేతికి చెప్పావా? ఆలోచించి చెప్పు, తొందరేం లేదు. బుజ్జీ, నువ్వు అందించకు, వాణ్ణే చెప్పనీ.

చెయ్యే చెప్పిందంటావా? సరే, అలాగే అనుకుందాం. చేతికి నోరుంటే ఏమంటుంది? మండుతోంది అంటుంది, బరువుగా ఉంది అంటుంది. దానికి తెలిసిన మాటలు అంతవరకే. "ఇంక చాల్లే, ఇంటికి పోదాం పద" అనే మాట మాత్రం చేతిది కాదు నాయనా, అది వేరే చోటు నుంచి వస్తుంది. ముప్ఫై ఏళ్ళు, కాదు, ముప్ఫై రెండేళ్ళు పిల్లకాయల ముందు నిలబడ్డదాన్ని, నాకు తెలీదూ? లాంగ్ బెల్లుకి ఇంకా పది నిమిషాలుందనగా వెనక బెంచీలో ఒకడు పలకా పుస్తకాలూ సంచిలో సర్దేస్తాడు. వాణ్ణి చూసి పక్కవాడూ సర్దుతాడు. ఇంక ఆ పది నిమిషాలూ నేను పాఠం చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే. మనసు కూడా ఆ వెనక బెంచీ పిల్లాడి లాంటిదే. ఒంట్లో ఇంకా సత్తువ ఉండగానే అది సంచీ సర్దేసుకుని గుమ్మం వైపు చూస్తుంటుంది.

ఒక్కమాట ముందే చెప్తా, మళ్ళీ మీ అమ్మ నన్ను అంటుంది. నెప్పి వేరు, అలుపు వేరు. కీలు కలుక్కుమన్నా, నడుం పట్టేసినా అక్కడికక్కడే దించెయ్యాలి, అందులో మొండితనం పనికిరాదు. నేను చెప్పేదంతా అలుపు గురించి. తేడా తెలిసింది గదా? ఆఁ.

ఇదంతా నేను మీ అత్త దగ్గర నేర్చుకున్నా. మీ మణత్తే, ఇంకెవరు. ఇప్పుడు మీకు మెళ్ళో విజిల్ వేసుకుని, బళ్ళో పిల్లల్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించే ఆటల టీచరమ్మగానే తెలుసు. అప్పట్లో అది డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో మరి. మీ నాన్న పెళ్ళికి ముందు ఏడు అది. అంటే తొంభై తొమ్మిదే అయ్యుంటుంది. పర్చూరు దగ్గర మన ఊరు, అక్కణ్ణించి చీరాల కాలేజీకి రోజూ బస్సు. ఆ రోజుల్లో ఆ బస్సు ఎక్కడమే పెద్ద కుస్తీ అనుకోండి. టాపు మీద మిరపకాయ టిక్కీలు, అదే గోతాం బస్తాలు, లోపల మనుషులు. మిరప ఘాటుకి కండక్టరు తుమ్ముతూనే టికెట్లు కొట్టేవాడు.

ఎక్కడున్నాం? ఆఁ, కాలేజీ. ఒకసారి ఆటల రోజున గాలికి షామియానా గుంజ ఒకటి ఒరిగిపోయిందట. కింద కుర్చీల్లో లెక్చరర్లు. అందరూ అరుస్తుంటే ఇది వెళ్ళి ఆ గుంజని భుజాన ఆనించుకుని, మగపిల్లలు నలుగురు వచ్చేదాకా అలా నిలబడిందట. కాలేజీలో ఆటలు చూసే పి.డి. గారు అది చూసి, "ఏమ్మా, మీ ఇంట్లో ఏం తింటారు?" అన్నారట. ఇది బెదురూ గిదురూ లేకుండా, "మా అమ్మ తిట్లు సార్" అందట. ఆ నోరు ఇప్పటికీ అంతే.

అలా ఆయన దాన్ని బరువులెత్తే పోటీల్లో పెట్టారు. ఆ పోటీల్లో మూడు రకాలుంటాయి. కింద ఉన్నది ఎత్తి నిలబడటం, పడుకుని రొమ్ము మీంచి ఎత్తడం, కడ్డీ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం. మొదటి రెండూ మణికి నల్లేరు మీద బండి నడక. ఈ కూర్చుని లేవడం దగ్గరే వచ్చేది తంటా. అంతకుముందు ఏడు ఒంగోల్లో జిల్లా ఎంపికలు పెడితే అక్కడే తప్పి వెనక్కొచ్చేసింది.

అప్పుడు మీ తాతయ్య ఒక మాట అన్నారు. మెల్లగా చెప్తాలే, వరండాలో ఆయనకి వినపడుతుంది. "ఇంకొక్క ఏడు చూద్దాం. జిల్లా జట్టులోకి వచ్చిందా, సరే, ఎంతవరకు పోతుందో పోనీ. రాలేదా, ఆ బరువుల జోలి మానేసి పుస్తకాలు పట్టుకోవాలి. మళ్ళీ ఆ ఊసు ఎత్తకూడదు." ఆయన చెడ్డవారని కాదు సుమా. ఆయన అన్నగారు కుర్రతనంలో పందేనికి మిరపకాయ టిక్కీలు రెండేసి మోసి నడుం పోగొట్టుకున్నారు. యాభై ఏళ్ళకే గోడ పట్టుకుని నడిచేవారు. "మా అన్న నడుం చూశాను, పిల్ల నడుం కూడా చూడమంటావా?" అనేవారు. మణి మాత్రం "సరే నాన్నా" అంది. అన్నదే గానీ ఆ పూట అన్నం తినలేదు. దానికి అది పిచ్చి, తెలిసిందా? కడ్డీ భుజాన పెట్టుకుంటే దాని మొహంలో ఒక కళ వచ్చేది.

మరి ఇంటి దగ్గర సాధన చెయ్యాలంటే బరువులు కావాలిగా. ఇనప బిళ్ళలు మనమెక్కడ కొంటాం? చీమకుర్తిలో రాయి కోసే యూనిట్లో నా తమ్ముడు ఉండేవాడు, మీ రాఘవ తాత. వాడికి కబురు పెడితే, "అక్కా, ఇక్కడ విరిగిన పలకలు కొండల్లా పడున్నాయి, మణికి ఎన్ని కావాలంటే అన్ని" అని గుండ్రంగా కోయించి, మధ్యలో బొక్క పెట్టించి లారీలో పంపాడు. నల్లరాయి, లోపల బంగారం చుక్కలు. నౌకల మీద దేశాలు దాటి పోయే రాయది. "అక్కడి దొరల వంటింటి గచ్చుని నా చెల్లెలు మోస్తోంది" అని మీ నాన్న వేళాకోళం. బోరు పైపు ఒకటి కడ్డీ అయింది. దొడ్లో రెండు ఇనప గుంజలు పాతి, పైన చీలికలు పెట్టించాం, కడ్డీ ఆనేటందుకు. చెయ్యలేక వదిలేస్తే కింద పడేచోట రెండు పక్కలా ఊక బస్తాలు.

రాళ్ళు వచ్చాయి సరే, ఏది ఎంత బరువో తెలియాలి గదా. మిరపకాయల కొట్లో కాటా వేసే కాశిం గారని ఉండేవాడు, మన వెనక వీధే. మంచి మనిషి, మా ఇంట్లో పరుపులకి దూది ఏకింది కూడా వాళ్ళ నాన్నే. ఆయన రాళ్ళన్నీ కాటా మీద పెట్టి తూచి, ఒక్కోదాని మీద ఎర్ర రంగుతో అంకె వేసిచ్చాడు. ఆ అంకెల సంగతి తర్వాత చెప్తా, అదో కథ.

ఇంక రోజూ సాయంత్రం బడి నుంచి నేను వచ్చేసరికి మణి సిద్ధంగా ఉండేది. మీ నాన్న కడ్డీకి ఒక పక్క కాపలా, నేను ముక్కాలి పీట మీద కూర్చుని లెక్క చెప్పేదాన్ని. వరసకి ఎనిమిదిసార్లు కూర్చుని లేవాలని పి.డి. గారి లెక్క. ఆరు దాకా బాగానే లేచేది. ఏడోది కూర్చునేది, సగం లేచేది, అక్కడ కళ్ళు అటూ ఇటూ తిరిగేవి, వదిలేసేది. ఢాం అని ఊక బస్తాల మీద. రోజూ అక్కడే. చిన్న రాళ్ళు వేసినా అక్కడే, పెద్దవి వేసినా అక్కడే! అది చూశాకే నాకు అనుమానం వచ్చింది. బరువు తగ్గినా ఏడు దగ్గరే ఎందుకు ఆగుతుంది, చెప్పండి చూద్దాం? ఆగుతున్నది కాళ్ళు కాదన్నమాట. వెనక బెంచీవాడు సంచీ సర్దేశాడన్నమాట.

పి.డి. గారిని అడిగితే, "కోపం తెచ్చుకోవాలమ్మా. నచ్చనివాళ్ళ మొహం గుర్తు తెచ్చుకుని లేవాలి" అన్నారు. మణికి నచ్చనివాళ్ళ కరువా? పక్కింటి సుబ్బాయమ్మ ఉందిగా. ఆమె అంతకుముందే గోడ మీంచి తొంగిచూసి, "ఏమే మణీ, రేపు యార్డులో హమాలీగా చేరతావా? మా టిక్కీలు కూడా నువ్వే ఎత్తిపెడుదువు గానీ" అంది. ఇంకేం, సుబ్బాయమ్మ మీద కోపంతో ఏడోది లేచింది, ఎనిమిదోదీ లేచింది. నాలుగు రోజులు అలా సాగింది. అయిదో రోజు సుబ్బాయమ్మ గోంగూర పచ్చడి పంపించింది, వెన్న కూడా వేసి. మణి రెండుసార్లు కలుపుకుని తింది. ఆ సాయంత్రం మళ్ళీ ఆరు దగ్గర ఢాం! "ఏమయ్యిందే?" అంటే, "కోపం రావట్లేదమ్మా, పచ్చడి బాగుంది" అంది. కోపం అంతే నాయనా, చితుకుల మంట. భగ్గుమంటుంది గానీ కుండెడు అన్నం ఉడకదు.

తర్వాత మీ నాన్న ఆశ పెట్టాడు. "ఎనిమిదీ చేస్తే వాడరేవు తీసుకెళ్తా, చేపల వేపుడు తినిపిస్తా" అని. ఏడోది లేచింది. ఎనిమిదోది లేవలేదు. "మీ అన్న చేపలు ఒక్క ఎత్తుకే సరిపోయాయే" అన్నా నేను. ఆ ఆదివారం చేపలు మాత్రం తిన్నారు ఇద్దరూ, అందులో లోటు చెయ్యలేదు.

ఇలా ఉండగా మిరప కోతలు వచ్చాయి. మనకి కాలవ కింద రెండెకరాలు మిరప ఉండేది. కోతకి మనుషులు చాలక, మణిని కూడా పొమ్మన్నారు మీ తాతయ్య. మీరు మిరప కోత చూళ్ళేదు గదా? తలా ఒక సాలు పట్టుకుంటారు. వంగి, రెండు చేతులా కాయలు తెంపి ఒళ్ళో వేసుకుంటూ ముందుకి పోవాలి. చేతులు మండుతాయి, కళ్ళ నీళ్ళు కారతాయి, నడుం సంగతి సరేసరి. అలవాటున్న ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ, ఎకసెక్కాలాడుకుంటూ చివరికి వెళ్ళిపోతారు. మణి వెనకపడింది. బరువులెత్తే పిల్ల, వేళ్ళతో పని చెయ్యలేకపోయింది! సాలు మూడు వంతులు అయ్యేసరికి ఇంక తన వల్ల కాదని గట్టు మీద కూలబడదామనుకుందట.

అప్పుడేమైందంటే, మన కూలీ ముఠాలో ఒక పద్ధతుంది. ఎవరి సాలు ముందు అయితే వాళ్ళు గట్టెక్కి కూర్చోరు. వెనకపడినదాని సాలు అవతలి చివర పట్టుకుని, ఎదురు కోసుకుంటూ వస్తారు. ఇద్దరూ మధ్యలో కలిస్తే సాలు అయిపోయినట్టు. ఎవరూ చెప్పక్కర్లేదు, అది రివాజు. కోటమ్మ అని ఒకామె ఉండేది, ఎర్రగా పొట్టిగా, నోరు పెద్దది. ఆమె అవతలి గట్టు మీంచి, "ఓయ్ పైల్వానమ్మా, ఎదురొస్తన్నా! నువ్వు ఆగావంటే నీ కాయ కూడా నేనే కోసి నీ కూలీ నేను పట్టకపోతా!" అని కేకేసింది. మణి చెప్పింది నాకు: "అమ్మా, ఆమె ఇంకా ఎక్కడో అంత దూరాన ఉంది. నా దగ్గరున్న ఒక్క చెట్టు కూడా ఆమె కొయ్యలేదు. నాకు పని ఏమీ తగ్గలేదు. కానీ ఎదురు మనిషి కనపడగానే నా చేతులు వాటంతట అవే లేచాయమ్మా. అదేమిటి?"

నేనూ ఆలోచించా. నిజమే గదా, అదేమిటి? మా బళ్ళో చూడండి, ఒకటో తరగతి పిల్ల దస్తూరీ రాస్తూ సగంలో ఆగిపోతే, "రాయి, రాయి" అని పైనుంచి అంటే రాయదు. పక్కన కూర్చుని మనమూ ఒక పలక తీసుకుని రాస్తే రాసేస్తుంది. దాని అక్షరం మనం రాయలేదే! అయినా రాస్తుంది.

సరే, ఆ సాయంత్రం మణి కడ్డీ కింద దూరింది. ఒకటి, రెండు, మూడు, లెక్క చెప్తున్నా. ఆరు అయింది. ఏడుకి కళ్ళు తిప్పబోయింది. నేను పీట మీంచి లేచి, కొంగు నడుముకి దోపి, దాని ఎదురుగా వెళ్ళి నిలబడి, "వస్తున్నానే, ఎదురొస్తున్నా" అని రెండు చేతులూ ముందుకి చాపి కూర్చున్నా. నవ్వకు బుజ్జీ! నలభై ఎనిమిదేళ్ళు నాకు. జన్మంతా పిల్లకాయల చేత గుంజీలు తీయించినదాన్ని, ఆ రోజు నేను తీశా. అది ఏడు అంటూ కూర్చుంటే నేనూ కూర్చున్నా, అది లేస్తే నేనూ లేచా. ఎనిమిదీ లేచింది! కడ్డీ గుంజల మీద పెట్టేసి, ఊక బస్తా మీద పడి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది దానికి.

నేను కూర్చుంటే దాని భుజం మీద బరువు తగ్గిందా? ఒక్క గ్రాము తగ్గదు. తూచి చూసుకో. కానీ ఇంతకుముందు ఆఖరి రెండూ దానికి ఎవరూ లేని మెరక పొలంలా కనపడేవి. ఇప్పుడు అక్కడొక మనిషి ఉంది. అంతే తేడా.

అలా రోజూ జరిగింది. నా మోకాళ్ళు గట్టిపడ్డాయి కూడా, మంచిదే. ఒకరోజు మాత్రం పరువు పోయింది. ఎనిమిదో దానికి కిందకి కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయా. మోకాలు పట్టేసింది, లేవలేను. మణి లేచి కడ్డీ పెట్టేసింది, నేనింకా కిందే. సుబ్బాయమ్మ గోడ మీంచి, "టీచరుగారూ, ఏం పోగొట్టుకున్నారు, వెతుకుతున్నారు?" అంటోంది. చివరికి మణీ, మీ నాన్నా చెరో రెక్కా పట్టుకుని లేపారు. మీ నాన్న, "అమ్మా, నువ్వే ఈ దొడ్లో అన్నిటికంటే పెద్ద బరువు" అన్నాడు. వెధవ, ఇప్పుడు మీ ముందు పెద్దమనిషిలా ఉంటాడు గానీ.

పోటీల రోజు వచ్చింది. చీరాల్లో పాసింజరెక్కి ఒంగోలు వెళ్ళాం. అప్పట్లో ఆ టికెట్టు ఎంతనుకున్నారు, రెండు కాఫీల ఖరీదు ఉంటుందేమో. మీ తాతయ్య కూడా వచ్చారు. దారంతా పేపరు చదువుకున్నారు, ఒకే పేజీ.

అక్కడొక పెద్ద హాలు. మధ్యలో చెక్క బల్ల పరిచి, దాని మీద కడ్డీ. నిజమైన ఇనప బిళ్ళలు, మిలమిల. ఎత్తే ముందు పిల్లలు చేతులకి తెల్లపొడి రాసుకుంటున్నారు, అచ్చం మన సుద్దముక్కల పొడిలాగే. నాకు ప్రాణం లేచొచ్చింది, బడికి వచ్చినట్టుంది. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. ముగ్గురు జడ్జీలు జెండాలు పట్టుకుని కూర్చుంటారు. తెల్లది లేస్తే బాగున్నట్టు, ఎర్రది లేస్తే తప్పు. ముగ్గురిలో ఇద్దరు తెల్లది చూపితే చాలు. ఇంకో నియమం జాగ్రత్తగా వినండి. ఒక బరువు అడిగి ఎత్తలేకపోతే తర్వాత దానికంటే తక్కువ అడగడానికి లేదు. మళ్ళీ అదే, లేదా అంతకంటే ఎక్కువ.

మిగతా రెండు రకాలూ పక్కన పెట్టి, ఎంపిక ఈ కూర్చుని లేవడం మీదే అన్నారు. ముందు మణి డెబ్బై అయిదు కిలోలు అడిగింది. కడ్డీ భుజాల మీదకి తీసుకోగానే దాని మొహం మారిపోయింది. అది పి.డి. గారి వైపు తిరిగి, "సార్, తక్కువేశారు!" అంది. జడ్జీలు నవ్వారు. కూర్చుని లేచేసింది, కుర్చీలోంచి లేచినట్టు. మూడు తెల్లజెండాలు.

తక్కువెయ్యలేదర్రా. ఇదుగో, కాశిం గారి అంకెల సంగతి. తర్వాత ఊరెళ్ళి ఆ రాళ్ళని వేరే చోట తూపించాం. ఒక్కోటీ మీద రాసినదాని కంటే బరువుగా ఉంది! నేను కాశిం గారిని అడిగా. ఆయన తలగోక్కుని, "తరుగు తీసేశాను టీచరమ్మా" అన్నాడు. మిరపకాయ టిక్కీ తూస్తే గోతానికింత, తేమకింత అని తీసేసి రాస్తారు గదా, రాళ్ళకీ అలాగే తీసేశాడు. "రాయికి గోతమేది, తేమేది కాశిం గారూ?" అంటే, "చేతి అలవాటండీ. నా కాటా మీద ఏది పడినా అంతే. రేపు నన్ను కూర్చోబెట్టి తూచినా తరుగు తీసే రాస్తా" అన్నాడు. ఏం చెయ్యమంటావు ఆ మనిషిని? ఏడాదంతా మణి అరవై అనుకుంటూ అంతకంటే ఎక్కువే మోసిందన్నమాట. కానీ ఆ రోజు హాల్లో ఈ సంగతి ఎవరికీ తెలీదు.

తెలీకపోవడం వల్ల ఏమైంది? పి.డి. గారికి ఉత్సాహం వచ్చేసింది. మణి ఒంటి తూకమున్న పిల్లల్లో జట్టుకి ఇద్దరికే చోటు. అప్పటికే ఇద్దరు ఎనభై అయిదు ఎత్తేశారు. "తొంభై వెయ్యమందాం, ఒక్క దెబ్బకి తేలిపోతుంది" అన్నారాయన. మణి కూడా ఊ అంది, మొదటిది దూదిలా లేచిందిగా. రెండోసారి నవ్వుకుంటూ వెళ్ళింది బల్ల మీదకి. కూర్చుంది. లేస్తోంది, జానెడు లేచింది, ఆగింది. నాకు తెలిసిన ఆగడమే. కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. అటొకడూ ఇటొకడూ ఉన్నవాళ్ళు కడ్డీ పట్టేసుకున్నారు. మూడు ఎర్రజెండాలు.

ఇంక చూడండి పరిస్థితి. డెబ్బై అయిదుతో జట్టులోకి రాదు. ఎనభై ఏడున్నర అడుగుదామా అంటే నియమం ఒప్పుకోదు. తొంభై తప్పదు, ఒకేఒక్కసారి. అది లేవకపోతే మీ తాతయ్య మాట ఉండనే ఉంది. ఆయన నా పక్కనే కూర్చుని నేలవైపు చూస్తున్నారు. "నడుం జాగ్రత్తని చెప్పిరా" అన్నారు, అంతే.

నేను తాడు కట్టిన చోటుదాకా వెళ్ళా. అది తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది. "ఏమే, నన్ను ఎదురు రమ్మంటావా? ఇక్కడే, ఈ తాడు ఇవతలే" అన్నా. నిజంగానే అన్నా, అంతమందిలో. అది తువ్వాలు తీసి నన్ను చూసి, "వద్దు తల్లీ, ఇక్కడ కూర్చుండిపోతే నిన్ను లేపడానికి అన్నయ్య కూడా రాలేదు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. "నెప్పి ఉందా?" అన్నా. "లేదు. అలుపే" అంది. "అయితే వెళ్ళు" అన్నా. అంతకంటే గొప్ప మాట నాకేం తోచలేదు.

మూడోసారి. కడ్డీ తీసుకుంది, రెండడుగులు వెనక్కి వేసింది, కూర్చుంది. లేచింది. జానెడు దగ్గర, సరిగ్గా ఆ జానెడు దగ్గరే, మళ్ళీ ఆగింది. కాళ్ళు వణుకుతున్నాయి. మీ తాతయ్య నా చెయ్యి పట్టుకున్నారు, గాజు విరిగింది కూడా, తర్వాత చూసుకున్నా. కానీ ఈసారి దాని కళ్ళు ఎటూ తిరగలేదు. ఎదురుగా ఎక్కడో ఒక చోటే చూస్తోంది, కోపంగా కూడా కాదు, ఏదో పని మీద వెళ్తున్నట్టు. ఎంతసేపు ఆగిందో తెలీదు, మూడు క్షణాలో నాలుగో. నాకు మాత్రం ఒక పీరియడ్ గడిచింది. తర్వాత వెంట్రుకవాసి కదిలింది. ఇంకొంచెం కదిలింది. లేచింది తల్లీ! నిటారుగా లేచి నిలబడింది. ఒక ఎర్రజెండా, రెండు తెల్లజెండాలు.

హాలు బయట చెట్టు కింద సోడా తాగుతుంటే అడిగా, "ఏం చూశావే అంతసేపు?" అని. అది చెప్పింది: "మొదట ఎవరన్నా ఎదురొస్తారేమోనని చూశానమ్మా. ఎవరూ రాలేదు. అప్పుడనిపించింది, రావలసింది నేనే గదా అని. నువ్వు ఆ రోజులా మన దొడ్లో కింద కూర్చుండిపోయావనుకున్నా, నాన్న పొలం వెళ్ళారు, అన్నయ్య లేడు. నేను లేస్తే గానీ నిన్ను లేపేవాళ్ళు లేరు. ఇంక ఆగడం ఎలా కుదురుతుంది? లేచా."

ఏడుపొచ్చింది గానీ, సోడా పొలమారిందని చెప్పా.

ఇదుగో, ఇది మాత్రం బుర్రలో పెట్టుకో చందూ. నాకు చేతకాదు, నాకు అలుపొచ్చింది, నాకు మండుతోంది అని నాకు, నాకు, నాకు అనుకున్నంతసేపూ ఆ జానెడు దాటదు. ఇంకొకళ్ళ కోసం వెళ్తున్నాననుకున్నావా, నీ అలుపు సంగతి నువ్వు ఒక్క క్షణం మర్చిపోతావు. ఆ ఒక్క క్షణమే కావలసింది. ప్రతిదానికీ అలా కుదురుతుందని చెప్పను. మీ అత్త ఆ తర్వాత రాష్ట్రం పోటీలకి వెళ్ళింది, పతకమేమీ రాలేదు. ఇంకో ఏడూ రాలేదు. ఆ తర్వాత ఒక కంచుది వచ్చింది, అదీ తుప్పు పట్టినట్టు ఉండేది, చూశారుగా షోకేసులో. అయినా చేసినన్నాళ్ళూ సంతోషంగా చేసింది. ఇప్పుడు దాని బళ్ళో ఆడపిల్లలు పదిమంది కడ్డీ పట్టుకుంటున్నారు. నాకది చాలు.

మరి తాతయ్య ఏమన్నారంటావా? వస్తున్నా, అక్కడికే వస్తున్నా. తిరుగు పాసింజర్లో కిటికీ పక్కన కూర్చున్నారు ఆయన. జట్టులో పేరు వచ్చిందని పి.డి. గారు వచ్చి చెయ్యి కలిపితే కలిపారు, అంతే. మణి ఎదుటి సీట్లో పొట్లం విప్పుకుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది, ఆయన మొహం చూడకుండా. అమ్మనబ్రోలు దాటింది. చినగంజాం దగ్గర ఉప్పు పండించే కొఠార్లు కనపడ్డాయి. సాయంత్రం ఎండలో ఉప్పు కుప్పలు బారులు తీరి మెరుస్తున్నాయి. ఆయన వాటినే చూస్తూ, దానితో కాదు, నాతో అన్నారు:

"ఏమే, దొడ్లో ఆ గుంజల మీద నాలుగు రేకులు వేయించాలి."

"ఎందుకండీ?" అన్నా.

"ఎందుకేంటి? వానలొస్తే ఆ కడ్డీ తుప్పు పట్టుద్ది గదా."

మణి ఒలిచిన గింజలన్నీ దోసిట్లో పట్టుకుని ఆయన ముందు చాపింది. ఆయన రెండు తీసుకుని నోట్లో వేసుకున్నారు. చీరాల వచ్చేసరికి ఆ పొట్లం వాళ్ళిద్దరి మధ్యే ఖాళీ అయింది.

ఏమండీ, వింటున్నారా? వరండాలో దగ్గు వినపడింది. వింటూనే ఉన్నారు, చూడు, ఏమీ ఎరగనట్టు.

సరేరా, చీకటి పడకముందే వెళ్ళి రా నీ జిమ్ముకి. బుజ్జీ, నువ్వూ వెళ్ళవే వాడితో, ఊరికే చూసిరా, చూస్తే పోయేదేముంది? నిండు నూరేళ్ళూ మీ కాళ్ళ మీద మీరు గట్టిగా నిలబడండి నాయనా. అయ్యో, మాటల్లో పడి మర్చేపోయా, రోట్లో పండుమిరప తొక్కు సగం నూరి వచ్చేశా, చింతపండు ఇంకా వెయ్యనే లేదు. జరుగు, ఆ పచ్చడిబండ ఎక్కడ పెట్టానో చూసుకోవాలి.